గ్రెనడాకు గోంగూర గింజలు పంపకండి

కరీబియన్ దీవి గ్రెనడాలో వైద్యం చదవడానికి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు ఈమధ్య మా హిందూపురం వైపు కూడా కనిపిస్తున్నారు. ప్రయాణం దగ్గరపడ్డాక వాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ల్యాప్‌టాప్‌కు సుంకం వేస్తారా? మెడలో గొలుసుతో దిగితే ఇబ్బందా? దారిలో డ్యూటీ ఫ్రీ షాపులో సీసా కొంటే ఆపుతారా? వీటికి జవాబులు కష్టం కాదు. గ్రెనడాలో దిగే పెద్దవాళ్లు ఒక లీటరు మద్యం, 200 సిగరెట్లు సుంకం లేకుండా తీసుకెళ్లొచ్చు. ట్రినిడాడ్‌లో మద్యం లీటరున్నర దాకా వదులుతారు. జమైకా అయితే 2024 ఏప్రిల్ నుంచి ప్రయాణికుడి సామానుకు సుంకం లేని పరిమితిని 500 అమెరికన్ డాలర్ల నుంచి వెయ్యి డాలర్లకు పెంచింది. సొంతానికి వాడుకునే బట్టలు, ఫోను, ల్యాప్‌టాప్ జోలికి మామూలుగా ఎవరూ రారు. మిలిటరీ వాళ్ల మచ్చల డిజైను బట్టలు మాత్రం పెట్టెలోంచి తీసేయండి. గ్రెనడా, బార్బడోస్, సెయింట్ లూసియా లాంటి దీవుల్లో సైన్యంలో లేనివాళ్లు, చివరికి చిన్నపిల్లలు కూడా, అవి వేసుకోవడం నేరం.

పెట్టెలో అంతకంటే జాగ్రత్తగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. వాటి గురించి అడిగినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. గోంగూర గింజలు, కరివేపాకు రెమ్మలు, మునగ విత్తనాలు, తులసి మొక్క వేరు, కొబ్బరాకుతో అల్లిన బుట్ట. పట్టుపరిశ్రమ శాఖలో మల్బరీ తోటల గట్ల మీద తిరిగి రిటైరైనవాణ్ణి నేను. ఆ దీవుల కస్టమ్స్ ఫారంలో సీసాల గడి కన్నా, మొక్కలు, విత్తనాలు, పండ్లు, మాంసం, ఆహారం ఏమైనా తెచ్చారా అని అడిగే గడి నాకు పెద్దదిగా కనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ఒక పురుగు సంగతి చెప్పాలి.

తుక్రా తెగులంటే మా వైపు పట్టు రైతుకు ఎవరూ వివరించక్కర్లేదు. మల్బరీ కొమ్మ చివర చిగురు సాగకుండా ముడుచుకుపోతుంది. ఆకులు ముద్దకట్టి, మందమై, ముదురు పచ్చగా మారతాయి. కణుపుకూ కణుపుకూ మధ్య జాగా లేక చివరంతా గుత్తిలా తయారవుతుంది. ఆ గుత్తిని గోటితో విప్పి చూడండి. లోపల తెల్లటి మైనపు పొడి, దాని కింద గులాబీ రంగులో మెత్తటి పురుగులు. నలిపితే వేలికి ఎర్రటి తడి అంటుతుంది. పక్కనే చీమల బారు. ఇది గులాబీ రంగు పిండినల్లి, శాస్త్రవేత్తలు మాకోనెలికోకస్ హిర్సుటస్ అంటారు. పెరిగిన పురుగు మూడు మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. ఒక్క ఆడపురుగు తన దూది సంచిలో వందల గుడ్లు పెడుతుంది. తుక్రా పట్టిన ఆకు వేస్తే పట్టుపురుగు సరిగ్గా ఎదగదు, గూడు తూకం పడిపోతుంది. ముడుచుకున్న చిగుళ్లు కోసి, కింద రాలకుండా సంచిలో వేసి, తగలబెట్టమని చెప్పీ చెప్పీ నా గొంతు అరిగిపోయింది. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష వేసిన రైతులు కూడా ఈ పురుగు చేతిలో బాగా దెబ్బతిన్నవాళ్లే.

అయినా ఇది మనకు పాత శత్రువు. దాన్ని తినే అక్షింతల పురుగులు, దాని ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగ జాతి చిన్న పురుగులు మన నేల మీదే ఉన్నాయి. కొంత నష్టపోతాం, మళ్లీ తేరుకుంటాం. 1994లో ఇదే పురుగు గ్రెనడాలో బయటపడింది. అక్కడ దాన్ని అదుపులో పెట్టే ప్రాణి ఒక్కటీ లేదు.

గ్రెనడా వైశాల్యం 344 చదరపు కిలోమీటర్లు, అంటే మన వైపు ఒక పెద్ద మండలమంత. జనాభా లక్ష పైచిలుకు. అంత చిన్న దేశంలో పిండినల్లి మందార కంచెలతో మొదలుపెట్టి కోకో, లక్ష్మణఫలం, టేకు, నీడనిచ్చే పెద్ద పెద్ద చెట్లు దేన్నీ వదల్లేదు. ఇళ్ల ముందు మందారాలు మోడులయ్యాయి. కొమ్మలు నరికారు, కాల్చారు, మందులు కొట్టారు. మైనపు పొర కింద దాక్కున్న పురుగుకు మందు అంటదని మన రైతుకు తెలిసిందే, వాళ్లు కొత్తగా తెలుసుకున్నారు. చుట్టుపక్కల దీవులు గ్రెనడా పండ్లు, కూరగాయలు రానివ్వమని తలుపులు మూసేశాయి. పండిన కాయ ఊరు దాటకపోతే చిన్న రైతు ఏమైపోతాడో అనంతపురం జిల్లా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపులు మూసినా పురుగు ఆగలేదు. 1995 కల్లా ట్రినిడాడ్ చేరింది, సెయింట్ కిట్స్ చేరింది, తర్వాత దీవి నుంచి దీవికి పాకింది. 1999లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కూడా కనిపించింది.

ఆ పురుగును దారికి తెచ్చిందేమిటో కూడా చెప్పాలి. ఆ దీవులకు మన దేశం నుంచి అక్షింతల పురుగుల్ని పంపారు. వాటిలో ముఖ్యమైనది క్రిప్టోలీమస్. దాని పుట్టిల్లు ఆస్ట్రేలియా, కాఫీ తోటల్లో చీడ కోసం 1898లోనే దక్షిణ భారతానికి తెచ్చారు. మా తోటల్లో కూడా వదిలింది దాన్నే. చైనా నుంచి తెచ్చిన అనాగిరస్ కమాలి అనే చిన్న పరాన్నజీవి కూడా తోడై, కొన్నేళ్లకు ఆ దీవుల్లో పిండినల్లి అణిగింది. ఆ పురుగును మన ప్రయాణికుడే మోసుకెళ్లాడని నేను అనడం లేదు. అది ఆసియా నేలల పురుగు, సముద్రం దానంతటదే ఈదలేదు, ఎవరి సామానుతోనో, ఏ సరుకుతోనో దాటింది. అందుకే ఆ దీవుల అధికారి పెట్టె తెరవమంటే నాకు కోపం రాదు.

గ్రెనడా జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది. మన బిర్యానీలో వేసే జాజికాయ, జాపత్రి ప్రపంచానికి అమ్మే దేశాల్లో ఇండోనేషియా తర్వాత అదే ఉండేది. 2004 సెప్టెంబరులో ఐవాన్ తుపాను వచ్చి జాజి చెట్లలో చాలా భాగాన్ని కూల్చేసింది. జాజి మొక్క కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఒక తరం రైతులు మళ్లీ నాటుకుని, ఎదురుచూసి, కొంత తేరుకునేసరికి 2024 జులై 1న బెరిల్ తుపాను ఆ దేశానికే చెందిన కారియాకు దీవిని నేలమట్టం చేసింది. గాలిని ఎవరూ ఆపలేరు. విమానం దిగిన పెట్టెను ఆపొచ్చు. ఆ దేశం చేతిలో ఉన్న కొద్దిపాటి రక్షణల్లో అదొకటి, దాన్ని వాళ్లు గట్టిగా పట్టుకోవడంలో తప్పేముంది?

మా చెల్లెలి కూతురికి గ్రెనడాలోని సెయింట్ జార్జెస్‌లో సీటు వచ్చింది. పెట్టె సర్దేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. బట్టల మడతల మధ్య నుంచి ఒక పొట్లం బయటపడింది. పాత పంచాంగం కాగితంలో ఎర్ర గోంగూర గింజలు, ఇంకో పొట్లంలో మునగ గింజలు. వాటి కింద తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు రెమ్మలు, వేరుతో సహా ఒక పిలక. తీసేయమన్నాను. చెల్లెలు కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఏమన్నా, రోంత గింజలే గదా. ఆ దేశంలో పిల్ల గోంగూర లేక నోరు సచ్చిపోయి తిండి మానేస్తే ఈడ నాకు ముద్ద దిగుతాదా?" అంది. ఆ ప్రేమకు నేను దండం పెడతాను. కానీ ఆ పిలక వేరుకున్న మట్టిలో ఏమున్నాయో నా చెల్లెలికి తెలియదు, నాకూ తెలియదు. తెలిసేది ప్రయోగశాలలో సూక్ష్మదర్శినికే.

ఒక్కొక్కటీ చూద్దాం. గింజ మీద పిండినల్లి వెళ్లే అవకాశం తక్కువే. అయితే గింజలో పుచ్చు పురుగు గుడ్డు ఉంటుంది, పైన బూజు తెగులు బీజాలు ఉంటాయి, గింజల మధ్య కలుపు విత్తనం కలిసి ఉంటుంది. పార్థీనియం ఒకప్పుడు గోధుమల బస్తాల్లో మన దేశానికి వచ్చిందంటారు, ఇప్పుడు మన బీళ్లన్నీ దానివే. కరివేపాకుది ఇంకా పెద్ద కథ. దాని లేత చిగుళ్ల మీద సిల్లా అనే చిన్న పురుగు గుడ్లు పెడుతుంది. నిమ్మ, బత్తాయి, నారింజలను చంపే గ్రీనింగ్ తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసేది అదే. నల్లగొండలోనూ, అనంతపురంలోనూ బత్తాయి తోటలు పెట్టినవాళ్లకు ఈ తెగులు సంగతి తెలుసు. ఆకు పసుపు మచ్చలేస్తుంది, కాయ వంకరపోయి, సగం పచ్చగానే ఉండిపోయి, చేదెక్కుతుంది. పట్టిన చెట్టుకు మందు లేదు, పీకి కాల్చడమే. కరీబియన్‌లో ఆ సిల్లా 1998లో గ్వాడెలూప్‌లో కనిపించింది. 2009కల్లా జమైకాలో గ్రీనింగ్ తేలింది. అమెరికా మీదుగా వెళ్లేవాళ్లు కూడా గుర్తుపెట్టుకోవాలి. అక్కడ దిగిన మొదటి విమానాశ్రయంలోనే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటాలి. తాజా కరివేపాకు కనబడితే అక్కడి వ్యవసాయ తనిఖీ వాళ్లు ఊరుకోరు.

కొబ్బరాకు బుట్టలు, విసనకర్రల గురించి చాలామంది నమ్మరు. కొబ్బరాకు అడుగున ఉండే ఎర్రనల్లిని మొదట గుర్తించింది మన కోయంబత్తూరులోనే, 1924లో. 2004లో అది మార్టినిక్ చేరింది. అక్కడి నుంచి కొన్నేళ్లలోనే కరీబియన్ దీవుల్లో చాలావాటికి పాకి కొబ్బరి, అరటి తోటల్ని పట్టుకుంది. పచ్చి కొబ్బరాకుతో అల్లిన టోపీలు, బుట్టలు పర్యాటకుల చేతుల్లో దీవి నుంచి దీవికి తిరగడం కూడా అది వ్యాపించిన దారుల్లో ఒకటని శాస్త్రవేత్తలు చెప్పారు. ఆ బుట్ట ఏ కస్టమ్స్ అధికారి కంటికైనా బొమ్మలాగే ఉంటుంది. నల్లి కనబడాలంటే భూతద్దం కావాలి.

"ఓడల్లో వేల టన్నుల సరుకు దిగుతుంటే నా పిల్ల పొట్లమే కనబడిందా?" అని ఒక తండ్రి నన్ను నిలదీశాడు. సరైన ప్రశ్నే. ఓడలో వచ్చే సరుకుకు అనుమతి పత్రం ఉంటుంది, ఎగుమతి చేసే దేశం పరీక్షించి ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉంటుంది, దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది. తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుసు. ప్రయాణికుడి పెట్టెకు ఇవేవీ ఉండవు. దాని వెనకున్న ఒకే ఒక్క పత్రం అతను నింపిన ఫారం. అందులో "లేదు" అని రాసి పొట్లం లోపల పెడితే ఆ దేశానికి మిగిలిన కన్ను కూడా మూసినట్టే. పైగా ఆ పొట్లంలోది పెరట్లో నాటుతారు, నాలుగు కుండీలు చేసి స్నేహితులకు పంచుతారు. వండుకుని తినేసే బస్తా బియ్యం కన్నా నాటుకునే చారెడు గింజల వల్లే ప్రమాదం ఎక్కువ.

ఇంకో మాట కూడా వింటుంటాను, చెబితే లాక్కుంటారు కదా, చెప్పకపోతే పోయేదేముంది అని. చెబితే చాలావరకు చూసి వదిలేస్తారు, కుదరకపోతే ఆ వస్తువొక్కటి తీసుకుంటారు. చెప్పకుండా దొరికితే జరిమానా, విచారణ, ఫారంలో అబద్ధం రాసిన మనిషిగా పేరు. పద్దెనిమిదేళ్ల పిల్ల పరాయి దేశంలో మొదటి రోజే ఆ కౌంటర్ దగ్గర నిలబడి చెమటలు పట్టాల్సిన అవసరమేముంది? పెట్టె సర్దింది అమ్మ, సమాధానం చెప్పాల్సింది పిల్ల.

ఆ దేశాల మీద నాకున్న ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పేస్తాను. రూల్సు ఒక్కో దీవికి ఒక్కో రకం. మద్యానికి లీటరా లీటరున్నరా అన్నది ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, విత్తనాల సంగతి మాత్రం ఎక్కడో లోపలి పేజీల్లో, మామూలు మనిషికి అర్థంకాని భాషలో ఉంటుంది. ఫారం మీద ఒక్క ప్రశ్నలో పండ్లు, మొక్కలు, మాంసం, పాలు అన్నీ కుక్కేస్తారు. ఊరగాయ అందులోకి వస్తుందో రాదో ప్రయాణికుడికి ఎలా తెలుస్తుంది? కారికామ్ అనే కరీబియన్ కూటమిలోని దేశాలు తలుచుకుంటే కలిసి పనిచేయగలవు. 2007 క్రికెట్ ప్రపంచకప్ సమయంలో పది దేశాలు కలిసి ఒకే వీసా పెట్టాయి. మొదటి దేశంలో ఒకసారి పత్రాలు చూపిస్తే మిగతా దేశాల్లో ఇంట్లో తిరిగినట్టు తిరిగే వీలుండేది. మ్యాచ్‌ల కోసం కొన్ని నెలలపాటు చేయగలిగినవాళ్లు, పంటల కోసం ఒకే జాబితా ఎందుకు పెట్టకూడదు? ఏది తేవచ్చు, ఏది తేకూడదు, దేనికి ముందస్తు అనుమతి కావాలి అని బొమ్మలతో ఒక్క పేజీ. పురుగుకు దీవుల సరిహద్దులు లేవని 1995లోనే తేలింది కదా.

ఇంతకీ పిల్లలకు అక్కడ ఏం దొరకదని మన భయం? మామిడి, చింత, మునగ, పసుపు, అల్లం ఆ దీవుల్లో పెరిగేవే. కలకత్తా నుంచి బయల్దేరిన మెయిడ్‌స్టోన్ ఓడలో మొదటి భారతీయ కూలీలు 1857 మే 1న గ్రెనడాలో దిగారు. వాళ్ల వారసులు ఇప్పటికీ అక్కడ ఉన్నారు. ఇక గోంగూర. డిసెంబరులో సెయింట్ జార్జెస్ మార్కెట్ స్క్వేర్‌లో సోరెల్ అని ఎర్రటి కాయలు రాశులు పోసి అమ్ముతారు. ఆ కాయల పైన ఉండే ఎర్రటి కండ రేకుల్ని అల్లం, లవంగం వేసి మరిగించి, పంచదార కలిపి క్రిస్మస్‌కు తాగుతారు. అది ఎర్ర గోంగూరే, మన పొలం గట్ల మీద ఉండేదే. మా మేనకోడలు మార్కెట్‌లో ఆ రాశి ఫొటో తీసి పంపింది. "మామా, వీళ్లు ఆకు పారేసి కాయ తీసుకుంటారంట, నేను ఆకు అడిగితే వింతగా చూసి ఊరికే ఇచ్చింది ఆ పెద్దమ్మ" అని రాసింది. వాళ్లమ్మకు ఆ ఫొటో చూపించాక గింజల గురించి మళ్లీ మాట్లాడలేదు. పిండినల్లి వచ్చినప్పుడు గ్రెనడాలో బాగా దెబ్బతిన్న పంటల్లో ఈ సోరెల్ కూడా ఒకటి.

నేను చెప్పేదల్లా ఇంట్లో వండిన తిండి మానెయ్యమని కాదు. నూనెలో ఊరిన ఆవకాయ, వేయించి కొట్టిన కందిపొడి, కరివేపాకు పొడి, కంపెనీ వాళ్లు ప్యాక్ చేసిన పసుపు, కారం పెట్టుకోండి, ఫారంలో "ఆహారం ఉంది" అని రాయండి, పెట్టెలో పైన ఉంచండి, అడిగితే తీసి చూపించండి. నాటుకోడి పచ్చడి, రొయ్యల పచ్చడి వద్దు. మాంసంతో చేసిన వాటికి చాలా దీవులు ముందస్తు అనుమతి అడుగుతాయి. రోజూ వేసుకునే మందులుంటే డాక్టర్ చీటీతో సహా చేతి సంచిలో పెట్టండి. విత్తనాలు, మొక్కలు నిజంగానే తీసుకెళ్లాల్సిన అవసరం ఉన్నవాళ్లకు దారి ఉంది. ముందు ఆ దేశ వ్యవసాయ శాఖ నుంచి దిగుమతి అనుమతి తెచ్చుకోవాలి, తర్వాత ఇక్కడ మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం తీసుకోవాలి. హైదరాబాద్‌లోనూ, విశాఖపట్నంలోనూ ఉన్న కేంద్ర ప్రభుత్వ మొక్కల క్వారంటైన్ కేంద్రాలు అవి పరీక్షించి ఇస్తాయి.

విదేశీ చదువుల సీట్లు ఇప్పించే కన్సల్టెన్సీలు ప్రతి పిల్లకూ ఒక సామాను జాబితా ఇస్తాయి. నా చేతికొచ్చిన జాబితాల్లో స్టెతస్కోపు, ప్రెషర్ కుక్కరు, ప్లగ్ అడాప్టరు, ఎన్ని జతల తెల్లకోట్లు అన్నీ ఉన్నాయి. విత్తనాల ఊసు ఒక్కదాంట్లోనూ లేదు. ఫీజు లక్షల్లో తీసుకుంటున్నవాళ్లు ఇంకో నాలుగు వరుసలు అచ్చు వేయించలేరా? విత్తనాలు, మొక్కలు, పచ్చి ఆకులు, మాంసం పచ్చళ్లు పెట్టొద్దు. ఆహారం ఏదున్నా ఫారంలో రాయాలి. ఆగస్టు బ్యాచ్ పెట్టెలు జులైలో సర్దుతారు. ఆ జాబితాలు ప్రెస్సుకు వెళ్లకముందే ఆ వరుసలు అందులో చేరాలి.